తలుపు చెప్పే కబుర్లు

తాళం కప్ప వేలాడే తలుపు వీధి మొత్తానికీ ఒక కబురు చెబుతుంది, ఇంట్లో ఎవరూ లేరని. తెనాలి పక్కన మా ఊళ్ళో ఆ కబురు అందుకోవడానికి ఎవరికీ ఏ పరికరమూ అక్కర్లేదు. పాలబ్బాయి దూరం నుంచే చూసి సైకిలు తిప్పుకుంటాడు. పోస్టుమాన్ ఉత్తరం పక్కింట్లో ఇచ్చి పోతాడు. ఎదురింటి పిన్నిగారు మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ ఆ కప్ప మీద ఒక కన్నేసి ఉంచుతుంది. అదే కబురు దొంగకీ అందుతుంది, నిజమే. కానీ దొంగ ఒక్కడు, చూసేవాళ్ళు పదిమంది. ఆ లెక్క మీదే వీధి నడిచేది. ఇంట్లో మనుషులున్నప్పుడు వేసే గడియ సంగతి వేరు. అది లోపలివాళ్ళ చేతిలో ఉంటుంది, బయటికి కనబడదు. రాత్రి పడుకోబోయే ముందు తప్ప దానికి పెద్దగా పనీ ఉండదు.

అమెరికా వాకిట్లో ఈ రెండు పనులూ ఒకే ఉక్కు నాలుక చేస్తుంది. దాన్నే డెడ్‌బోల్ట్ అంటారు. తలుపు పిడితో కదిలే మామూలు నాలుక వెనక స్ప్రింగు ఉంటుంది. తలుపు నెడితే దానంతటదే పడుతుంది, సందులో ఒక ప్లాస్టిక్ కార్డు దూర్చి నొక్కితే దానంతటదే వెనక్కీ పోతుంది. డెడ్‌బోల్ట్‌కి స్ప్రింగు లేదు. బయట తాళంచెవి తిప్పాలి, లేదంటే లోపల చిన్న మీట తిప్పాలి. అప్పుడే అంగుళం పొడవున కడ్డీ తలుపులోంచి ద్వారబంధంలోకి దిగుతుంది. వీధిలో నిలబడ్డవాడికి అది వేసి ఉందో తీసి ఉందో, ఇంటివాళ్ళు లోపల ఉన్నారో ఊరెళ్ళారో ఏమీ తెలియదు. ఎవరితోనూ ఏమీ చెప్పని తలుపు అది.

అలా నోరు మూసుకున్న తలుపుకి మళ్ళీ మాటలు నేర్పడమే స్మార్ట్ లాక్ చేసే పని. నేర్పిన తర్వాత అది ఎవరితో మాట్లాడాలి, ఎవరి గురించి మాట్లాడాలి అన్నదే తేల్చుకోవలసింది. కొనేటప్పుడు దుకాణంలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. రంగు ఏది కావాలని అడుగుతారు.

డాలస్‌కి ఉత్తరాన ఉన్న మా పేటలో ముందు గుమ్మంలోంచి ఇంట్లోకి అడుగు పెట్టేవాళ్ళు తక్కువ. కారు గ్యారేజీలోకి పోతుంది, గ్యారేజీలోంచి మనిషి వంటింట్లోకి పోతాడు. ముందు తలుపు చుట్టాలకీ, పార్సిళ్ళకీ, దీపావళి నాటి దీపాలకీ. దానితో రోజూ పని పడేది కారు నడపని వాళ్ళకే. అంటే బడికెళ్ళే పిల్లలకీ, ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలకీ. సాయంత్రం అయిదింటికి మా కాలిబాటల మీద కనిపించేది ఎక్కువగా ఈ రెండో రకం వాళ్ళే. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కూతురు వదిలేసిన బూట్లు, చేతులు వెనక్కి కట్టుకుని నడక. మా అమ్మా నాన్నా వస్తున్నారనగానే మా ఇంట్లోనూ తలుపు సంగతి ముందుకొచ్చింది. చెరొక తాళంచెవి ఇస్తే సరిపోతుందిగా అనొచ్చు. మా నాయనమ్మ బొడ్లో తాళాల గుత్తి దోపుకుని ఊరంతా తిరిగొచ్చేది, ఒక్కటీ జారేది కాదు. నాన్న ప్యాంటు జేబు మీద మాత్రం ఇంట్లో ఎవరికీ అంత నమ్మకం లేదు.

అందుకని స్మార్ట్ లాకే కొందామనుకున్నాం. దాని ఎంపిక కొలత టేపుతో మొదలుపెట్టాలి. అమెరికా తలుపుల్లో మెచ్చుకోవలసిన గుణం, అవి చాలామటుకు ఒకే కొలతకి లొంగుతాయి. తలుపు ముఖాన 2 1/8 అంగుళాల గుండ్రటి రంధ్రం, అంచున 1 అంగుళం రంధ్రం. అంచు నుంచి పెద్ద రంధ్రం నడిమధ్యకి దూరం 2 3/8 గానీ 2 3/4 గానీ. పాత తాళం లోపలి వైపు రెండు మరలు విప్పితే ఊడి చేతికొస్తుంది, కొత్తది అందులోనే కూర్చుంటుంది. వడ్రంగితో పని లేదు. హైదరాబాదు ఫ్లాటుకి ఇదే తీసుకెళ్దామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగాలి. అక్కడ చాలా తలుపులకి మోర్టిస్ తాళం ఉంటుంది. పొడవాటి పెట్టె తలుపు మందంలోకి దిగబడి ఉంటుంది, ఈ గుండ్రటి రంధ్రమే ఉండదు. ఇక ఊళ్ళో మా రెండు రెక్కల టేకు తలుపుకైతే ఈ తాళం ఏ రెక్కకి బిగించాలో చెప్పగల ఇంజనీరు ఇంకా పుట్టలేదు.

పెట్టె మీద గ్రేడు అని ఒక అంకె ఉంటుంది. 1 అన్నిటికంటే గట్టిది, 3 కనీసం. కొత్త పద్ధతిలో ఏ, బీ, సీ అక్షరాలు వేస్తున్నారు. చూడాల్సిందే గానీ దాని దగ్గరే ఆగిపోకూడదు. అమెరికా ఇళ్ళలో ద్వారబంధం మెత్తటి పైన్ చెక్క. నాలుక దిగే చోట బిగించిన ఇనుప రేకుని పట్టుకునేవి తరచూ ముప్పాతిక అంగుళం మరలు. గట్టిగా ఒక తన్ను తంతే తాళం చెక్కుచెదరదు, ద్వారబంధం చీలిపోతుంది. ఆ మరలు తీసేసి 3 అంగుళాలవి పెడితే అవి బంధాన్ని దాటి గోడ లోపలి దూలం దాకా దిగుతాయి. రెండు డాలర్ల పని. వందల డాలర్ల తాళం చేసే రక్షణలో సగం పైగా ఈ మరలదే అని నా నమ్మకం.

తెరిచే పద్ధతి దగ్గర ఇంట్లో చర్చ నడిచింది. వేలిముద్ర తాళం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అమ్మ వేళ్ళు నాకు తెలుసు. వయసు మళ్ళినవాళ్ళకీ, చేతులతో పనిచేసినవాళ్ళకీ వేలిగీతలు అరిగిపోతాయి. మన రేషన్ షాపుల్లో యంత్రం మీద వేలు పెట్టి, తుడుచుకుని, మళ్ళీ పెట్టి, ఇంకో వేలు పెట్టి నిలబడ్డ ముసలివాళ్ళని చూడనివాళ్ళు మనలో ఎవరున్నారు? బియ్యం దగ్గర పడిన పాట్లు సొంత కొడుకు గుమ్మం ముందు కూడా పడాలా? ఫోనుతో తెరవడమంటే ఫోను చేతిలో ఉండాలి. నాన్న ఫోను ఎప్పుడూ చార్జింగులోనే ఉంటుంది. కాబట్టి అంకెల మీటలున్న తాళం తీసుకున్నాం. అడుగున మామూలు తాళంచెవి రంధ్రం కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. ఇప్పుడు ఆ రంధ్రం లేకుండానూ చేస్తున్నారు. వాటిలో సెల్స్ అయిపోతే బయట అడుగున ఉన్న రెండు బొడిపెలకి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి ఊపిరి పోయాలి. అర్ధరాత్రి 9 వోల్టుల బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందో ఆ తాళాలు చేసినవాళ్ళే చెప్పాలి.

అంకెల తాళంలో ఒక చిన్న లెక్క నాకు భలే నచ్చింది. రోజూ నొక్కే మీటల మీద వేలి జిడ్డు అంటుకుంటుంది. నాలుగంకెల నంబరులో నాలుగూ వేర్వేరైతే, జిడ్డు చూసినవాడు ప్రయత్నించాల్సినవి 24 వరసలే. నాలుగింటిలో ఒక అంకె రెండుసార్లు వస్తే జిడ్డు మూడు మీటల మీదే కనబడుతుంది గానీ వరసలు 36 అవుతాయి. అంకెలు తగ్గితే కష్టం పెరిగింది! ఆరంకెలు పెట్టుకుంటే ఈ గొడవే లేదు. అమ్మ మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా మా పాత ల్యాండ్‌లైను నంబరు చెప్పింది. ఆ ఫోను తీసేసి ఏళ్ళయింది. అమ్మకి దాన్నింకా ఎవరూ తీసేయలేదు.

ఇక అసలు విషయం. తాళం ఎవరితో మాట్లాడాలి? వై-ఫై తాళం ఇంటి రూటరుతో మాట్లాడుతుంది, అక్కణ్ణుంచి మాట కంపెనీ సర్వరుకి పోతుంది, అక్కణ్ణుంచి నా ఫోనుకి వస్తుంది. వేరే పెట్టె కొనే పని లేదు, సెల్స్ మాత్రం త్వరగా తినేస్తుంది. జీ-వేవ్, జిగ్బీ, థ్రెడ్ అనేవి తక్కువ కరెంటుతో నడిచే రేడియోలు. వాటి మాట వినడానికి ఇంట్లోనే ఒక పెట్టె ఉండాలి. ఒక కంపెనీ వస్తువు ఇంకో కంపెనీ వస్తువుతో కలవాలని అందరూ కూర్చుని మ్యాటర్ అనే ఉమ్మడి పద్ధతిని 2022 అక్టోబరులో తెచ్చారు. రాజీ కుదిరింది గానీ కాపురం ఇంకా కుదురుకుంటూనే ఉంది. నేను జీ-వేవ్ వైపు మొగ్గాను. ఇక్కడ కూడా ఇండియాకి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట: ఈ రేడియో అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ దగ్గర, ఇండియాలో 865 దగ్గర పనిచేస్తుంది. సూట్‌కేసులో బాదంపప్పు పక్కన పెట్టుకుని తీసుకెళ్ళినా అక్కడి పెట్టెకి ఇక్కడి తాళం మాట వినబడదు.

వినే పెట్టె ఇంట్లోనే ఉండాలని ఎందుకింత పట్టుదల అంటే, చూసినవి అలాంటివి. 2021 డిసెంబరు 7న అమెజాన్ సర్వర్ల కేంద్రం ఒకటి గంటల తరబడి మొరాయించింది. ఎక్కడో వర్జీనియాలో జరిగినదానికి దేశమంతటా డోర్‌బెల్ కెమెరాలూ, ఇల్లు ఊడ్చే రోబోలూ పలకడం మానేశాయి. అంతకుముందు 2017లో ఒక తాళాల కంపెనీ పంపిన సాఫ్ట్‌వేర్ మార్పు వేరే మోడలుకి చేరి, సుమారు 500 తాళాల అంకెల మీటలు పనికిరాకుండా పోయాయి. వాటిలో కొన్ని రోజువారీ గదులు అద్దెకిచ్చేవాళ్ళ తలుపులవి. నిద్రలో ఉండగా మన గుమ్మానికి ఎవరో మరమ్మతు చేసి వెళ్ళడం నా బుద్ధికి ఎక్కదు. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకి టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్ళకీ దుకాణాలకీ కరెంటు పోయింది. అది చూసినవాళ్ళం, ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు ఒకటే అడుగుతాం: కరెంటు లేకపోతే, ఇంటర్నెట్ లేకపోతే నువ్వేం చేస్తావు? ఈ తాళం నాలుగు సెల్స్ మీద నడుస్తుంది, నంబర్లన్నీ దాని కడుపులోనే ఉంటాయి. పెట్టె ఆగిపోయినా అమ్మ నంబరుకి తలుపు తెరుచుకుంటుంది.

ఆ పెట్టెలో నడిచేది హోమ్ అసిస్టెంట్. పౌలస్ షౌట్సెన్ 2013లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, ఎవరైనా తెచ్చుకుని చిన్న కంప్యూటరులో పెట్టుకోవచ్చు. తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఎవరి నంబరుతో తెరుచుకుందో రాసుకుంటుంది, పది రోజులు దాటిన రాతల్ని మనం ఏమీ చెప్పకపోతే తనే చెరిపేస్తుంది. ఇంటి గుట్టు లంకకు చేటన్నది ఎవరు పుట్టించారో గానీ, సర్వర్ల కాలం వస్తుందని ఆ మనిషికి ఎలా తెలిసిందా అనిపిస్తుంది.

తాళం చేత మాట్లాడించాలన్న కోరిక ఇవాళ్టిది కాదు. 1817లో ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో దొంగతనం జరిగితే, సొంత తాళంచెవితో తప్ప తెరవలేని తాళం చేసినవాడికి బహుమానం ఇస్తామని ప్రభుత్వం పోటీ పెట్టింది. మరుసటేడు జెరెమయా చబ్ ఒక తాళం చేశాడు. ఎవరైనా లోపలి మీటల్ని కెలికి, ఉండాల్సినదానికంటే పైకెత్తితే అది బిగుసుకుపోతుంది. తర్వాత యజమాని వచ్చి తన చెవి పెడితే తిరగదు. ఎవరో చెయ్యి పెట్టారని అప్పుడు తెలుస్తుంది. సెల్స్ లేవు, రేడియో లేదు, కబురు మాత్రం అందవలసినవాడికే అందేది. 1851లో లండన్ మహాప్రదర్శనకి వచ్చిన హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు దాన్ని అరగంట లోపే తెరిచి చూపించాడు. యజమాని కోసం పెట్టిన ఏర్పాటే అతనికి పనికొచ్చింది. తాళం బిగుసుకున్న ప్రతిసారీ ఏ మీటని ఎక్కువ ఎత్తాడో అతనికి తెలిసిపోయేది. చెప్పే నోరంటూ ఉంటే వినే చెవిని ఎంచుకునే హక్కు దానికి లేదు.

ఇక బిగించడం. సూచనల పుస్తకం అరగంట అంటుంది. ఆ అరగంట డాలస్ నేల ఎరగనివాళ్ళు రాసింది. ఇక్కడ నేల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విడుస్తుంది. పైనున్న ఇల్లూ దానితోపాటే కదులుతుంది. ఎండాకాలంలో పునాది చుట్టూ చిల్లుల గొట్టం వేసి ఇంటికి నీళ్ళు పెడతారు. మొక్కలకి కాదు, ఇంటికి. ఇది విని నాన్న నవ్వలేదు. "రేగడిలో ఇల్లు కట్టి ఊరుకుంటే అవుతుందట్రా" అన్నాడు, పత్తి వేసిన మనిషి కాబట్టి. నేల కదిలితే ద్వారబంధం ఒక వెంట్రుకవాసి వాలుతుంది, నాలుకా రంధ్రమూ ఎదురెదురుగా ఉండవు. మన చెయ్యి దీన్ని పట్టించుకోదు. భుజంతో తలుపుని ఒకసారి నెట్టి తాళం తిప్పేస్తాం, అలా నెడుతున్నామన్న సంగతి కూడా గుర్తుండదు. మోటారుకి భుజం లేదు. ఒకటి రెండుసార్లు కిందా మీదా పడి, జామ్ అయిందని కబురు పంపి ఊరుకుంటుంది, ఈలోగా సెల్స్ నీరుగారిపోతాయి. అందుకని కొత్త తాళానికి ముందు పాత తాళంతోనే ఒక పరీక్ష పెట్టుకోవాలి: తలుపుని లాగకుండా, నెట్టకుండా, రెండు వేళ్ళతో మీట తిరగాలి. మాది తిరగలేదు. నాలుక ఎక్కడ తగులుతోందో చూడటానికి ఇక్కడివాళ్ళు దాని కొసకి లిప్‌స్టిక్ రాస్తారు. నాన్న కుంకుమ తడిపి రాశాడు. బంధం మీద ఎర్రటి గుర్తు పడ్డచోట ఉలితో కొంచెం చెక్కి, రంధ్రం పూర్తి అంగుళం లోతు ఉండేలా చూశాక తాళం నోరెత్తలేదు.

మిగతాదంతా సులువే. తలుపు కుడి వైపు తెరుచుకుంటుందో ఎడమ వైపో తాళమే తెలుసుకుంటుంది. నాలుకని ఒకసారి బయటికీ లోపలికీ ఆడించి చూసుకుంటుంది. పెట్టెతో జత కలిపేటప్పుడు తాళం మీదున్న స్టిక్కరు లోంచి అయిదంకెలు అడుగుతుంది. ఇవ్వకుండా దాటేయొచ్చు గానీ తాళానికి అలా చేయకూడదు, ఎవరూ మధ్యలో దూరి వినకుండా చేసే ఏర్పాటు అది. సెల్స్ మిగుల్చుకోవడానికి రేడియో నిద్రపోతూ ఉంటుంది, సెకనుకోసారి లేచి నన్నెవరైనా పిలిచారా అని చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. అసలు సిసలు కోడికునుకు. చార్జింగు సెల్స్ మాత్రం వేయకండి. తాళం వోల్టేజీ చూసి సెల్స్‌లో ఎంత మిగిలిందో ఊహిస్తుంది, ఆల్కలైన్ సెల్స్ వరసకి అలవాటుపడ్డ ఊహ అది. వేరే రకం వేస్తే నిన్నటిదాకా నిండుగా ఉందని చెప్పి ఇవాళ చచ్చి ఊరుకుంటుంది.

తాళం అబద్ధం చెప్పే చోటు ఇంకొకటుంది, అది నాకు ముందే తెలిసి ఉంటే బాగుండునని కొన్నవాళ్ళంతా అంటారు. తాళానికి తెలిసేది దాని నాలుక సంగతే. తలుపు సంగతి చాలా తాళాలకి తెలీదు. తలుపు బెత్తెడు తెరిచి ఉన్నా, నాలుక గాలిలోకి చాపి, తాళం పడింది అని నిశ్చింతగా కబురు పంపుతుంది. ఆ కబురు చూసుకుని ఆఫీసులో హాయిగా కూర్చునేవాడికి ఇంట్లోకి ఉడతలు పోతున్న సంగతి తెలీదు. తలుపు వేసి ఉందో లేదో చెప్పడానికి అంచున అయస్కాంతం ఉన్న చిన్న సెన్సర్ వేరే పెట్టాలి. రెండూ ఔనంటేనే నమ్మాలి.

ఇంత చేశాక ఆటోమేషన్ మోజు పుడుతుంది. తలుపు తెరవగానే హాల్లో దీపం, పాట, ఫ్యాను. మొదటి వారం అన్నీ పెట్టాను. మిగిలినవి రెండు. రాత్రి పదింటికి తలుపు వేసే ఉంటే తాళం పడాలి, పది నిమిషాలు దాటి తలుపు తెరిచి ఉంటే ఇంట్లో గంట మోగాలి. తలుపు మూసిన అరనిమిషానికి దానంతటదే తాళం పడే ఏర్పాటు కూడా ఇందులో ఉంటుంది, అమ్మేవాళ్ళు అన్నిటికంటే ముందు దాన్నే పొగుడుతారు. నాకది సరిపడదు. తాళం కప్ప తనంతట తాను ఎవర్నీ బయట పెట్టదు, కప్ప నొక్కడానికి మనిషి కావాలి. దీనికి మనిషి అక్కర్లేదు. పొద్దున్నే లుంగీతో ఇంటి ముందు పూలు కోసుకోవడానికి వెళ్ళిన నాన్న వెనక తలుపు గాలికి పడి, తాళం కూడా పడితే, నంబరు గుర్తుచేసుకుంటూ వీధిలో నిలబడాలి. పగలు ఆ ఏర్పాటు వద్దని తీర్మానం చేసుకున్నాం.

నంబర్లతో ఉన్న అసలు సుఖం, ఇచ్చింది వెనక్కి తీసుకోగలగడం. తాళంచెవి ఒకసారి చెయ్యి దాటితే దానికి ఎన్ని నకళ్ళు పుట్టాయో దేవుడికే తెలియాలి. అందుకే టెక్సస్ చట్టం ప్రకారం అద్దె ఇంట్లోకి కొత్తవాళ్ళు దిగిన ఏడు రోజుల్లోగా యజమాని తాళాలు మార్పించి తీరాలి. నంబరుకి ఆ బాధ లేదు. మేం ఇండియా వెళ్ళినప్పుడు తులసికోటకి నీళ్ళు పోసే స్నేహితుడికి ఒకటి ఇచ్చాం, తిరిగొచ్చిన రోజున అది చెల్లకుండా పోయింది. అతను నొచ్చుకోలేదు, అతని ఇంట్లోనూ అదే తాళం. శుక్రవారం ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చే ఆమెకి ఇచ్చిన నంబరు శుక్రవారమే పనిచేస్తుంది. ఆమె వచ్చిన వేళ, వెళ్ళిన వేళ నాకు తెలుస్తాయి. నేను ఏ వేళకి ఇంట్లో ఉంటానో ఆమెకి తెలీదు. హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లో పనిమనిషి గేటు దాటగానే ఫోనులో టింగుమంటుందే, అదీ ఇదే బేరం. చూసేవాడు ఒక వైపు, కనబడేవాళ్ళు ఒక వైపు.

న్యూయార్కులో ఒక భవనంలో అద్దెకున్నవాళ్ళు ఈ బేరానికే ఒప్పుకోలేదు. యజమాని వీధి తలుపుకి ఫోనుతో తెరిచే స్మార్ట్ లాక్ పెట్టించాడు. వాళ్ళలో ఒకాయనకి 93 ఏళ్ళు, ఫోను యాప్ ఆయన వల్ల కాలేదు. మేం ఎప్పుడు వచ్చామో ఎప్పుడు వెళ్ళామో యజమానికి ఎందుకు తెలియాలని మిగతావాళ్ళు అడిగారు. గొడవ కోర్టు దాకా వెళ్ళి, 2019లో రాజీ అయింది. అడిగినవాళ్ళకి మామూలు తాళంచెవి ఇవ్వడానికి యజమాని ఒప్పుకున్నాడు. ఇది చదివినప్పుడు నేను పూర్తిగా అద్దెదారుల పక్షం. అప్పుడు మా ఇంటి యజమాని ఎవరో నాకు తట్టలేదు.

మా అమ్మకి తట్టింది. ఆవిడ తలుపు తీసినప్పుడల్లా నా ఫోనులో ఒక వరస వచ్చేది. మొదట్లో అది నాకు ధైర్యంగానే ఉండేది. ఎండకి ముందే తిరిగొచ్చారు, బాగుంది అనుకుని పనిలో పడేవాణ్ణి. ఒక సాయంత్రం ఇంటికి రాగానే, "ఇవాళ పార్కులో చాలాసేపే ఉన్నట్టున్నారే" అన్నాను మామూలుగా. అక్కడ ఒంగోలు వాళ్ళు కలిశారని, వాళ్ళది మా మేనత్త గారి వియ్యాలవారి ఊరేనని చెప్పడానికి అమ్మ పొంగుకుంటూ వస్తోంది అప్పటికి. ఆగిపోయింది. నీకెలా తెలుసురా అంది. తలుపు చెప్పిందన్నాను. అమ్మ కోప్పడలేదు. మర్నాటి నుంచి కబుర్లు తగ్గాయి. ఎక్కడికెళ్ళారమ్మా అంటే, "తలుపు చెప్పే ఉంటుందిగా" అనేది. ఇంటికొచ్చి చెప్పుకోవడానికి ఆవిడ దాచుకున్నవి మూడో నాలుగో కబుర్లు. వాటిలో మొదటిది తలుపు కాజేసింది.

మా ఆవిడ తేల్చి చెప్పింది. "అత్తయ్య గారి నంబరుకీ మామయ్య గారి నంబరుకీ ఆ కబురు తీసెయ్యండి. రాకపోతే ఫోను చేసి అడుగుదాం, మనుషులం కదా." తీసేశాను. చీకటి పడ్డాక అరగంట గడిచినా ఎవరూ రాకపోతే మాత్రం ఇంట్లో దీపం ఒకసారి మిణుకుమంటుంది, అంతే. పెట్టె తన చిట్టాలో రాసుకుంటుంది గానీ నాకు చెప్పదు, నేను వెళ్ళి అడగను. ఒంగోలు వాళ్ళ కబుర్లు పూర్తిగా విన్నాను, వియ్యాలవారి ఆస్తి తగాదాతో సహా.

లోపలి మీటకి ఈ గొడవలేవీ లేవు. అమెరికాలో ఇళ్ళ నిర్మాణ నియమాలు ఒక మాట గట్టిగా చెబుతాయి: బయటికి పోయే ప్రధాన ద్వారం లోపలి నుంచి తాళంచెవి లేకుండా, ఏ ప్రత్యేకమైన తెలివీ అక్కర్లేకుండా తెరుచుకోవాలి. నిప్పంటుకున్నప్పుడు పొగలో ఎవడూ నంబరు వెతుక్కోలేడు. అందుకని ఎంత తెలివైన తాళమైనా లోపలి వైపు మొద్దు మీట ఉండి తీరుతుంది. అలా తెరిచినప్పుడు చిట్టాలో పేరు ఉండదు, చేత్తో తీశారు అని మాత్రం ఉంటుంది. ఎవరి చెయ్యో దానికి తెలీదు. ఇంట్లోకి రావడానికి పేరు చెప్పాలి, పోవడానికి అక్కర్లేదన్న ఈ పద్ధతి నాకు మహా న్యాయంగా తోస్తుంది.

ఈ న్యాయం ఇప్పుడు మా అమ్మాయి దగ్గరికి వచ్చింది. ఈ ఏడు మిడిల్ స్కూలుకి మారింది, బస్సు దిగి ఒక్కతే ఇంటికొస్తుంది, సొంత నంబరు కావాలంది. ఇస్తామన్నాం. "అందులో నా పేరు వస్తుందా? మీ ఫోన్లకి వస్తుందా?" అని అడిగింది. వస్తుందన్నాం. అయితే వద్దంది. నాయనమ్మకి తీసేసినప్పుడు నాకెందుకు తీయరని వాదన. నాయనమ్మ పెద్దది, నువ్వు చిన్నదానివని నేను. మరి పెద్దవాళ్ళే కదా దారి తప్పేది, కిందటేడు తాతయ్య వీధి మర్చిపోయి వేరే వాళ్ళింటి మీటలు నొక్కలేదా అని తను. పదహారేళ్ళ దాకా కబురు రావాల్సిందేనని వాళ్ళమ్మ, బస్సు దిగిన గంటలోపు వస్తే చెప్పక్కర్లేదని నేను. మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు.

మేం తేల్చేలోగా తనే ఒక దారి చూసుకుంది. మా అమ్మ తెనాలి వెళ్ళిపోయి చాలా కాలమైంది, ఆవిడ నంబరు నేను తీసేయలేదు. మొన్న సెల్స్ మారుస్తూ, తాళం ఎన్నిసార్లు తిరిగిందో చూద్దామని చిట్టా తెరిచాను. అందులో ప్రతి బడిరోజూ, సాయంత్రం నాలుగూ పదికి, నాయనమ్మ ఇంటికొస్తోంది. ఆ ల్యాండ్‌లైను నంబరు దీనికెవరు చెప్పారని అమ్మకి ఫోను చేసి అడిగాను. తలుపునే అడగమంది.